పక్కకు తప్పుకోవడమా, సగం పంచుకోవడమా, ముందొచ్చినవాడికి వదిలేయడమా: శాటిలైట్ ఇంటర్నెట్ తగువులో ఏది మేలు?

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ మేడ మీద మొన్న పాత వీశాట్ డిష్ (బ్యాంకులూ, కంపెనీలూ శాటిలైట్ ద్వారా డేటా పంపుకోవడానికి వాడేది) బోల్టులు బిగిస్తున్నాను. యజమాని పైకి వచ్చి నిలబడ్డారు. "ఏవండీ, ఇక్కడ ఇప్పటికే ఒక డిష్ ఉందిగా. రేపు స్టార్‌లింకో ఇంకోటో వస్తే దీని పక్కనే పెట్టించుకుందామని ఉంది. రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకోవా?" అన్నారు. రెండు డిష్‌ల మధ్య ఎన్ని అడుగులు వదలాలన్నది ఆయన టెన్షన్. గొడవ మేడ మీద కాదండీ, పైన అన్నాను. పైన ఎలా అని అడిగితే చెప్పడానికి అరగంట పట్టింది. చెప్పగా మిగిలినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మనందరికీ తెలిసిన సంగతి ఒకటి. ఏటా మార్చి రెండో వారంలో, మళ్ళీ సెప్టెంబరు ఆఖర్లో, కొన్ని రోజుల పాటు పగటిపూట కాసేపు డీటీహెచ్‌లో బొమ్మ పోతుంది. వాన ఉండదు, మబ్బు ఉండదు, ఎండ మండిపోతూ ఉంటుంది. అప్పుడు సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. మన డిష్ చూపులో ఇద్దరూ ఒకే గీత మీద పడతారు. సూర్యుడి రేడియో రొదలో శాటిలైట్ సన్నగొంతు వినపడదు. ఆయన కాస్త జరిగాక బొమ్మ తిరిగి వస్తుంది. శాటిలైట్ ఇంటర్నెట్ కంపెనీల మధ్య ఇంటర్‌ఫియరెన్స్, అంటే ఒకరి సిగ్నల్ ఒకరికి అడ్డుపడటం కూడా ఇలాంటిదే. సూర్యుడి బదులు అక్కడికి పోటీ కంపెనీ శాటిలైట్ వస్తుంది, అంతే తేడా.

కాకపోతే సూర్యుడు ఎప్పుడొస్తాడో పంచాంగం చెబుతుంది. వీటి సంగతి అంత తేలిక కాదు. స్పేస్‌ఎక్స్ వాళ్ళ స్టార్‌లింక్ శాటిలైట్లు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరిగెడుతుంటాయి. దాని పోటీ కంపెనీ వన్‌వెబ్‌వి 1,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. వన్‌వెబ్ మనకు మరీ పరాయిది కూడా కాదు. 2022 అక్టోబరులో, 2023 మార్చిలో మన శ్రీహరికోట నుంచే ఎల్‌వీఎం3 రాకెట్ మీద విడతకు 36 చొప్పున వెళ్ళాయి. ఈ రెండు మందలూ ఇంటి డిష్‌తో మాట్లాడేది కేయూ బ్యాండ్ అనే ఒకే ఫ్రీక్వెన్సీ పట్టీలో, కిందికి దిగే సిగ్నల్ 10.7 నుంచి 12.7 గిగాహెర్ట్‌జ్‌ల మధ్య. ఒక కంపెనీ డిష్ చూస్తున్న దిక్కులోకే రెండో కంపెనీ శాటిలైట్ వచ్చి, అదే ఛానెల్లో మన ప్రాంతానికి బీమ్ వేస్తే, ఆ కొద్ది క్షణాలూ రెండూ కలగాపులగమే. డిష్ ఎంత చిన్నదైతే దాని చూపు అంత వెడల్పు, అంటే ఈ బెడద అంత ఎక్కువ. పైకి పంపేటప్పుడు కథ తిరగబడుతుంది. మన డిష్ మాట పొరుగువాడి శాటిలైట్ చెవిన పడుతుంది. ఈ రెండో రకం తప్పు నేనే ఒకసారి చేశాను. పల్నాడులో ఒక బ్యాంకు శాఖ మీద బోల్టు వదులుగా వదిలేశాను. గాలివానకి డిష్ కొంచెం పక్కకు తిరిగింది. మా సిగ్నల్ పక్క శాటిలైట్‌లోకి పోతోందని హబ్ (ఈ డిష్‌లన్నిటినీ నడిపే కేంద్రం) నుంచి ఫోనొచ్చింది. సరిచేసేదాకా ఆ శాఖ లైన్ కట్.

మరి ఈ తగువు తీర్చే దారులేమిటి, అందులో ఏది మేలు?

మొదటి దారి పక్కకు తప్పుకోవడం. ఎదురుగా పోటీ శాటిలైట్ వరసలోకి వస్తోందని తెలిస్తే, ఆ డిష్‌కి ఆకాశంలో వేరే చోట ఉన్న మన శాటిలైట్ని అప్పగించడమే. స్టార్‌లింక్ ఎలాగూ ప్రతి 15 సెకన్లకు ఏ డిష్‌కి ఏ శాటిలైట్ అన్నది మళ్ళీ పంచుతూ ఉంటుంది. ఆ పంపకంలో ఈ లెక్క కూడా కలిపితే సరి. ఫ్రీక్వెన్సీ ఒక్క మెగాహెర్ట్‌జ్ కూడా వదులుకోనక్కర్లేదు. వాడేవాడికి తెలియను కూడా తెలియదు. ఇంజనీరింగ్ పరంగా చూస్తే దీనికి మించింది లేదు.

కానీ తప్పుకోవాలంటే పక్కన చోటుండాలి కదా. వేల శాటిలైట్లున్న కంపెనీకి ఒకటి కాకపోతే ఇంకొకటి దొరుకుతుంది. ఆరువందల చిల్లర శాటిలైట్లున్న వన్‌వెబ్‌కి అంత వెసులుబాటు లేదు. పైగా దాని కక్ష్యలు ధ్రువాల మీదుగా వెళ్ళేవి. ధ్రువాల దగ్గర గుమిగూడి, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఎడమెడమౌతాయి. స్టార్‌లింక్‌లో ఎక్కువ భాగం 53 డిగ్రీల వంపు కక్ష్యల్లో ఉండటంతో అవి కూడా లండన్ అక్షాంశాల చుట్టూ చిక్కగా, మన దగ్గర పలచగా కనిపిస్తాయి. విజయవాడ పదహారున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. అంటే ఏ కంపెనీ చూసుకున్నా మన నెత్తిన ఉండే శాటిలైట్లు యూరప్ వాళ్ళ నెత్తినున్నన్ని కావు. ఈ దారి అక్కడ పనిచేసినంత తేలిగ్గా ఇక్కడ పనిచేయదు.

మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. విజయవాడలో ఏ వీధిలోకైనా వెళ్ళి డీటీహెచ్ డిష్‌లు చూడండి. అన్నీ దక్షిణం వైపు, బాగా పైకి చూస్తుంటాయి. భూస్థిర కక్ష్యలో, అంటే భూమితో పాటే తిరుగుతూ మనకు ఒకేచోట నిలిచినట్టు కనిపించేలా, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న శాటిలైట్ల వరస మన ఆకాశంలో దక్షిణాన సుమారు 70 డిగ్రీల ఎత్తు మీదుగా తోరణంలా సాగుతుంది. టీవీ ఛానెళ్ళూ, మా పాత వీశాట్‌లూ అన్నీ దాని మీదే బతుకుతున్నాయి. కింది కక్ష్యల్లో తిరిగేవి ఆ వరసను ఇబ్బంది పెట్టకూడదన్నది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అదే ఐటీయూ, రేడియో నిబంధనల్లో 22వ అధికరణం. ఎంత పవర్ దాటకూడదో పరిమితులు 2000లో ఇస్తాంబుల్ సదస్సులో పెట్టారు. దాంతో కొత్త కంపెనీలు ఆ తోరణానికి ఇటూ అటూ కొన్ని డిగ్రీల పట్టీని వదిలేసి పనిచేస్తాయి. వన్‌వెబ్ అయితే భూమధ్యరేఖ దాటేటప్పుడు శాటిలైట్లనే కొంచెం వంచి బీమ్‌లను పక్కకు మళ్ళిస్తుంది. లండన్‌లో ఆ తోరణం దక్షిణాన 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అక్కడ వదులుకున్నా పెద్ద నష్టం లేదు. మనకది దాదాపు నడినెత్తిన ఉంది. సిగ్నల్ బాగా వచ్చే మంచి ఆకాశంలోనే ఒక చాలు పోతుంది. ఆ మిగిలినదాంట్లో పోటీ కంపెనీలు ఒకరికొకరు తప్పుకోవాలి. ఇరుకు వంతెన మీద ఎదురెదురుగా రెండు ట్రాక్టర్లు వచ్చినట్టు.

ఆ 2000 నాటి పరిమితులు ఇప్పటి టెక్నాలజీకి మరీ గట్టివని, సడలించాలని స్పేస్‌ఎక్స్ లాంటి కంపెనీలు అడుగుతున్నాయి. 2023 చివర్లో దుబాయ్ సదస్సు అధ్యయనం చేయమని చెప్పి సరిపెట్టింది. ఇందులో నేను కొంచెం స్వార్థపరుణ్ణే. నా కూడు పెట్టేవి ఆ తోరణం మీదున్న శాటిలైట్లే. అయినా చెబుతున్నాను, సడలిస్తే ఎక్కువ లాభపడేది మనలాంటి తక్కువ అక్షాంశాల వాళ్ళం. ఎక్కువ ప్రమాదం కూడా మనకే.

రెండో దారి సగం సగం పంచుకోవడం. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన ఇదీ: కంపెనీలు తమలో తాము ఒప్పందానికి రాకపోతే, వరసలోకి వచ్చినప్పుడు ఒకదాని వల్ల రెండోదాని రిసీవర్‌లో నాయిస్ ఆరు శాతం మించి పెరిగితే, ఆ వరస విడిపోయేదాకా ఇద్దరూ బ్యాండ్‌ని పంచుకోవాలి. ఇద్దరైతే సగం, ముగ్గురైతే మూడో వంతు. ఏ ముక్క కావాలో ముందుగా కోరుకునే హక్కు ఆకాశంలోకి ముందు వెళ్ళిన వాడిది.

వినడానికి ఇంతకన్నా న్యాయమైనది లేదనిపిస్తుంది. లెక్క వేస్తే రుచించదు. రెండు మందలూ పెరిగేకొద్దీ ఎక్కడో ఒకచోట వరసలోకి రావడం ఎడతెగకుండా జరుగుతుంది. ప్రతిసారీ సగం బ్యాండ్ పోతే ఇద్దరూ సగం కంపెనీలే అవుతారు. వేసవిలో మన కాలవల్లో నీళ్ళు తగ్గినప్పుడు పెట్టే వంతుల పద్ధతిలాంటిది ఇది. వంతు వల్ల పైరు చావదు, అలాగని ఏపుగా పెరగదు. పైగా ఒక పెద్ద కంపెనీ కావాలనే మొండికేసి ఒప్పందం చేసుకోకపోతే చిన్న కంపెనీకి సగం పోవడం ఖాయం. పెద్దవాడు మాత్రం వేరే శాటిలైట్‌తో ఆ లోటు పూడ్చుకుంటాడు.

అలాగని ఈ నిబంధన పనికిరానిదని నేననను. దీని పని వేరే. స్పేస్‌ఎక్స్, వన్‌వెబ్ ఎఫ్‌సీసీ ముందు ఏళ్ళ తరబడి ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు పెట్టుకున్నారు. ఆఖరికి 2022 జూన్‌లో రాజీకి వచ్చాం, మా మందలు రెండూ కలిసి ఉండగలవు అని ఇద్దరూ కలిసి రాసిచ్చారు. రాజీ కుదరకపోతే ఇద్దరికీ సగమే మిగులుతుందన్న భయం వెనక లేకుంటే ఆ కాగితం మీద సంతకాలు అంత తేలిగ్గా పడేవని నేననుకోను. మా ఊళ్ళో గట్టు తగాదా కోర్టుకెక్కితే ఇద్దరి పొలమూ బీడే అని పెద్దమనుషులు బెదిరిస్తారు చూడండి, అలాంటిది. గోడ మీద బెత్తం వేలాడుతూ ఉండాలి, చేతికి రాకూడదు.

మూడోది ముందొచ్చినవాడికి పెద్దపీట. ఐటీయూలో దరఖాస్తు పెట్టిన తేదీని బట్టి వరస. ఎఫ్‌సీసీలో విడతలవారీగా దరఖాస్తులు తీసుకుని, ఒకే విడతలోని వాళ్ళందరినీ సమానంగా చూస్తారు. తర్వాతి విడతవాళ్ళు ముందువాళ్ళకు ఇబ్బంది కలిగించకూడదు. స్టార్‌లింక్, వన్‌వెబ్ ఒకే విడతవి. అమెజాన్ వాళ్ళ శాటిలైట్ ఇంటర్నెట్ ప్రాజెక్టు, 3,236 శాటిలైట్ల కైపర్‌కి 2020 జూలైలో అనుమతి వచ్చింది కానీ, ఆలస్యంగా వచ్చినందుకు పాతవాళ్ళకు లోబడి ఉండాలన్న షరతుతో వచ్చింది. ఇప్పుడు దాని పేరు అమెజాన్ లియో.

ఈ పద్ధతి కృష్ణా డెల్టా వాళ్ళకు నేను వివరించనక్కర్లేదు. 1855 నాటి ఆనకట్ట పేరు మీద మనం నిలబెట్టుకున్న హక్కేగా ఇది. బచావత్ ట్రైబ్యునల్ 1960 సెప్టెంబరు నాటికి వాడుకలో ఉన్న నీటికి రక్షణ ఇచ్చింది కాబట్టే డెల్టాకు 181.2 టీఎంసీలు దక్కాయి. ముందొచ్చినవాడికి భద్రత లేకపోతే ఎవడూ వేల కోట్లు పెట్టి కాలవ తవ్వడు, శాటిలైట్ ఎగరేయడు. ఇక్కడి వరకూ నేను ఈ పద్ధతి వైపే.

కాని నీళ్ళకూ, ఫ్రీక్వెన్సీకీ ఒక తేడా ఉంది. కాలవ తవ్వకుండా నీళ్ళ మీద హక్కు ఎంతో కాలం నిలవదు. శాటిలైట్ల విషయంలో కాగితం మీద వేల సంఖ్య రాసి వరసలో ముందు నిలబడి, పైకి ఒక్కటీ పంపకుండా కూర్చోవచ్చు. ఈ కాగితాల మందల బెడద పడలేకే 2019 షార్మ్ ఎల్ షేక్ సదస్సులో మెట్లు పెట్టారు. మొదట ఉండే ఏడేళ్ళ గడువు ముగిశాక రెండేళ్ళలో పది శాతం, ఐదేళ్ళలో సగం, ఏడేళ్ళలో మొత్తం పైన ఉండాలి. లేకపోతే ఉన్నంతకే హక్కు కుదించేస్తారు. ఎఫ్‌సీసీ కూడా 2023లో పెద్దరికానికి గడువు పెట్టింది. తర్వాతి విడతలో మొదటి అనుమతి ఇచ్చిన పదేళ్ళకు అది ముగుస్తుంది, ఆ తర్వాత అందరూ సమానమే. పాతవాడి వేగం సగటున మూడు శాతానికి మించి తగ్గకుండా చూస్తే కొత్తవాడు పని చేసుకోవచ్చని మరుసటి ఏడు లెక్క కట్టింది. ఈ గడువు లేని పెద్దరికం నాకు నచ్చదు.

నాలుగో దారి వేలం. ఎవడి ముక్క వాడిదే, ఎవరూ ఎవరితో మాట్లాడుకోనక్కర్లేదు. మన దేశంలో దీనికోసం గట్టిగానే పట్టుబట్టారు. అయినా 2023 టెలికాం చట్టం శాటిలైట్ స్పెక్ట్రాన్ని వేలం లేకుండా ఇచ్చే జాబితాలో పెట్టేసింది. 2025 మేలో ట్రాయ్ కూడా ఆదాయంలో నాలుగు శాతం రుసుముతో ఇవ్వమంది. సెల్ టవర్‌కి ముక్క ముక్కగా అమ్మడం సరే. ఆకాశంలో వేర్వేరు దిక్కుల నుంచి ఒకే ఫ్రీక్వెన్సీని పదిమంది వాడుకోగలిగినప్పుడు ముక్కలు చేసి అమ్మడమంటే, పదిమంది తాగగల బావికి తాళం వేయడమే. దీని మీద ఇంతకన్నా సమయం పెట్టను.

నన్ను ఎంచమంటే, రోజువారీ పనికి తప్పుకోవడమే. ఎవరికి శాటిలైట్లు ఎక్కువుంటే వాళ్ళు ముందు తప్పుకోవాలి. ఎవరు ముందొచ్చారన్నది ఆ తర్వాతి మాట. ఇది ఏ నిబంధనలోనూ లేదు, నా మాట. దీనికి కావలసిన సమాచారం సగం బయటే ఉంది. శాటిలైట్లు ఎప్పుడు ఎక్కడుంటాయో ఎవరైనా లెక్క కట్టొచ్చు. ఏ బీమ్ ఏ ఊరి మీద, ఏ ఛానెల్లో పడుతోందో మాత్రం కంపెనీలు గుట్టుగా ఉంచుకుంటాయి. ఎక్కడ వాడకం ఎక్కువుందో పోటీవాడికి తెలిసిపోతుందని వాళ్ళ భయం. మన దగ్గర లైసెన్సులిచ్చేటప్పుడు ఈ బీమ్‌ల సమాచారం ఒకరికొకరు చెప్పుకోవాలన్న ఒక్కటీ షరతుగా రాయించుకుంటే మిగతా తగువులు చాలావరకు కోర్టుదాకా పోవు.

కోల్డ్ స్టోరేజీ ఆయన ఇదంతా విని, "అదంతా సరే, నా రెండో డిష్ ఎక్కడ పెట్టమంటారు చెప్పండి" అన్నారు. దక్షిణం వైపు పిట్టగోడ పక్కన పాత డిష్ ఉంది. కొత్తది దక్షిణాన తోరణం చుట్టూ ఉన్న ఆకాశాన్ని ఎలాగూ పెద్దగా వాడుకోదు కాబట్టి ఉత్తరం వైపు ఖాళీగా ఉండాలన్నాను. ఉత్తరం మూల వాటర్ ట్యాంకు ఉంది. దాన్ని జరపడానికి ఎంతవుతుందో ప్లంబర్ని పిలిపించి అడుగుతున్నారు ఇప్పుడు.