పంది కలుపు, ముళ్ల పొట్టు పువ్వు: మొక్కల యాప్‌తో మూడు నెలలు

మా పుట్టిల్లు తెనాలి. పెళ్లయ్యి సిద్దిపేట దగ్గర పల్లెకి వచ్చి ఆరేళ్లు. రెండున్నర ఎకరాల్లో సగం పత్తి, సగం మక్క. చేలో నాకు మొదట ఎదురైన చిక్కు పనితో కాదు, పేర్లతో. అత్తమ్మ ఓ రోజు "గంగవాయిలి తెంపుకరా బిడ్డా" అంటే ఒడ్డంతా తిరిగి ఉత్తచేతులతో వచ్చాను. తీరా చూస్తే అది మా అమ్మ పప్పులో వేసే పావిలికూరే. కాళ్ల కింద తొక్కుకుంటూ వెతికానన్నమాట.

అందుకే ఈ జూన్‌లో, ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకున్నాను. పేరు రాయడం లేదు. రోజుకు కొన్ని ఫొటోలే ఉచితం, ఆపైన చందా కట్టాలి. నేను కట్టలేదు. ఐదుకి మూడు మార్కులు ఇస్తాను.

ముందు మంచి చెబుతాను. గంగవాయిలికి ఫొటో తీస్తే "పోర్టులాకా ఒలెరేసియా" అంది. పావిలికూరని వెతికినా అదే పేరు వచ్చింది. నోరు తిరగని ఆ పేరు దగ్గరే తెనాలీ సిద్దిపేటా కలిశాయి. అప్పటినుంచి నోటుబుక్కులో మూడు గళ్లు గీసి, ఆ పేరు, అమ్మ పేరు, అత్తమ్మ పేరు రాసుకుంటున్నాను. ఇంకో సంగతి. పనికొచ్చే మొక్కలన్నిటికీ అత్తమ్మ దగ్గర పేర్లున్నాయి గానీ, పనికిరానివన్నీ ఆమెకి ఉత్త గడ్డే. వాటి పేర్లు నాకు చెప్పింది యాపే.

తెలుగు పెట్టుకున్నారో, అయిపోయారు. గలిజేరు చూపిస్తే "పంది కలుపు" అంది. ఉత్తరేణికి "ముళ్ల పొట్టు పువ్వు" అట! వినాయకుడి పత్రిలో పెట్టే ఉత్తరేణి. గట్టు మీద నడిచి వస్తే చీర కుచ్చిళ్లకి వరసగా అంటుకుని, ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ ఏరుకోవాల్సిన గింజల మొక్క. ఇంగ్లీషు పేరుని ముక్క ముక్కకీ తెలుగు చేసి పడేశారు. వాళ్ల ఆఫీసులో ఒక్కరైనా ఉత్తరేణి చూశారో లేదో. నేను మళ్లీ ఇంగ్లీషుకే మార్చుకున్నాను.

ఫొటో ఎలా తీస్తామన్నదాని మీదే సగం ఆధారపడి ఉంది. నేల ఉసిరిని పైనుంచి తీస్తే చింత మొలక అంటుంది. కొమ్మని తిరగేసి, ఆకుల అడుగున ఈనెకి వరసగా వేలాడే ఆవగింజంత కాయలు కనబడేలా తీస్తే వెంటనే చెప్పేస్తుంది. గుంటగలగర, గడ్డి చామంతి పూలు లేనప్పుడు దానికి తేడా తెలియదు. అప్పుడు నేనే గుంటగలగర కాడ తుంచి అరచేతి మీద రాస్తాను. కాసేపటికి ఆ మరక నల్లబడుతుంది. జుట్టు నూనెలో ఈ ఆకు ఎందుకు వేస్తారో అప్పుడే అర్థమవుతుంది.

ఇచ్చిన మూడు మార్కుల్లో ఒకటి వయ్యారిభామకే. ఇక్కడ కాంగ్రెస్ గడ్డి అంటారు. వచ్చిన కొత్తలో వట్టి చేతులతో పీకి, నాలుగు రోజులు మోచేతుల దాకా దురదతో నిద్ర లేదు. అది మొలకగా ఉన్నప్పుడు చీలికల ఆకులతో నేలకి అతుక్కుని, చామంతి మొక్కలా అమాయకంగా ఉంటుంది. ఆ దశలోనే యాప్ ప్రతిసారీ పట్టుకుంది. గ్లౌజులు వేసుకుని పూత రాకముందే పీకేస్తున్నాం. పూసిందంటే ఒక్కో మొక్కా వేల గింజలు రాలుస్తుంది.

రెండు మార్కులు ఎందుకు కోశానంటే, పెంటకుప్ప పక్కన మొలిచిన మొక్కని "61 శాతం బుడ్డకాశ" అంది. గాలిబుడ్డలాంటి తొడుగులో చిన్న పండు కాస్తుంది కదా, పిల్లలు తింటారని పీకకుండా వదిలాను. ఆగస్టులో దానికి జానెడు తెల్లటి బూరపువ్వు పూసింది, తర్వాత ముళ్ల కాయ కాసింది. ఉమ్మెత్త! విషం. పిల్లలు చూడకముందే అత్తమ్మ కొడవలితో నరికి పారేసింది. నన్నేమీ అనలేదు, అదే ఇంకా సిగ్గనిపించింది. లేత మొక్కలప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే కుటుంబం కూడా. అలాంటప్పుడు 61 శాతం కింద "తినకండి" అని ఎర్ర అక్షరాలతో ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? చందా కట్టమని మాత్రం తెర నిండా రాస్తుంది.

అన్నట్టు, మా చేలో సిగ్నల్ ఒక్క వేపచెట్టు కిందే వస్తుంది. ఫొటోలు తీసుకుని అక్కడికి వెళ్లి నిలబడాలి.

ఇప్పుడు పత్తి సాళ్లలో గునుగు మోకాలెత్తు లేచింది. బతుకమ్మ దాకా వాటి మీద చెయ్యి వెయ్యొద్దని అత్తమ్మ కూలీలకి గట్టిగా చెప్పింది. యాప్ ఇంకా వాటిని తోటకూర అంటోంది.