తాంబాళంలో తిరిగే రైలు: ఎనిమిదేళ్లు నడిపాక

మా ఇల్లు వరంగల్‌లో ఎనుమాముల వైపు పత్తి బండ్లు పోయే రోడ్డు పక్కన. నవంబరు మొదలు సంక్రాంతి దాటేదాకా గాలిలో నూగు ఎగురుతూనే ఉంటుంది. నా మోడల్ రైలు ఇంజనుతో పాటు పెట్టెలో వచ్చిన కాగితంలో నూనె ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి, పిల్లలకు ఎందుకు అందకుండా పెట్టాలి అని అన్నీ రాసి ఉన్నాయి. పత్తి నూగు ఇరుసుకు చుట్టుకుంటే ఏం చేయాలో మాత్రం లేదు. ఇప్పుడు నాకు తెలుసు. ఇంజనును మెత్తటి గుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టి, కనుబొమ్మలు తీసే ప్లక్కరుతో ఒక్కో పోగూ లాగాలి. ఆ ప్లక్కరు మా ఆవిడది. ఆ గొడవ వేరే.

2017లో కొన్న నారోగేజ్ మోడల్ రైలు సెట్టు ఇది. నాలుగు చక్రాల చిన్న డీజిల్ ఇంజను, రెండు బోగీలు, రెండు గూడ్స్ డబ్బాలు, గుండ్రంగా బిగించే పట్టాలు, స్పీడు తిప్పే కంట్రోలరు. పట్టాల మధ్య వెడల్పు, అంటే గేజు, 9 మిల్లీమీటర్లు, బండి అసలు దాంట్లో 87వ వంతు. వారానికి మూడు నాలుగు సార్లు నడుపుతాను. ఇన్నాళ్లు నడిపాక దీని గురించి రాయొచ్చు అనిపించింది. మొదటి నెలలో రాసి ఉంటే పొగడ్త తప్ప ఇంకేం ఉండేది కాదు.

కాజీపేటలో పెరిగినవాడికి నారోగేజ్ పిచ్చి ఏంటని అందరూ అడిగారు. మాకు కంటి ముందు ఉన్నదంతా బ్రాడ్‌గేజే. బాపు కాజీపేట సెక్షన్‌లో కీమ్యాన్‌గా, అంటే లైన్ వెంట నడిచి పట్టాలు చూసుకునే పని, చేసి రిటైరయ్యాడు. సుత్తె, స్పానరు భుజాన వేసుకుని తెల్లవారకముందే లైన్ మీదికి పోయేవాడు. నిజానికి నేనూ మొదట బ్రాడ్‌గేజే చేద్దామనుకున్నా. లెక్క వేస్తే కుదరలేదు. బజారులో ఎక్కువగా దొరికే మోడల్ పట్టా వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1435. అది యూరప్, అమెరికాల గేజు. మన బ్రాడ్‌గేజ్ 1676. అంటే దాదాపు పావు మీటరు తక్కువ పడుతుంది. మన బోగీ సన్నటి పీట మీద లావు మనిషి కూర్చున్నట్టు ఉంటుంది. అదే 9 మిల్లీమీటర్ల పట్టాను 87తో హెచ్చిస్తే 783 వస్తుంది. మన నారోగేజ్ 762. తేడా 21 మిల్లీమీటర్లే. అసలు లైన్‌లో రెండు వేళ్ల మందం కూడా ఉండదు. కాబట్టి మన దేశపు రైలు పద్ధతిగా కనిపించాలంటే నారోగేజే నయం.

రెండో కారణం చోటు. పెద్ద మోడల్‌కు మలుపే ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది సెంటీమీటర్ల వ్యాసార్థం అడుగుతుంది. నాది పదిహేను. పెళ్లిళ్లలో వాడే పెద్ద తాంబాళంలో పూర్తి చుట్టు పట్టేస్తుంది. మొదటిరోజు నిజంగానే తాంబాళంలో పెట్టి తిప్పాను. అయితే ఇది కొంచెం దొంగ మలుపే. డార్జిలింగ్ లైన్‌లో అగొనీ పాయింట్ దగ్గర మలుపు వ్యాసార్థం సుమారు 18 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే ఇరవై సెంటీమీటర్లు వస్తుంది. ఆ లైనుది మరీ చిన్న గేజు, 610 మిల్లీమీటర్లు. దానికే అంత కావాల్సి వస్తే నా 762 బండి పదిహేనులో తిరగడం ఆట బొమ్మల పనే. బోగీల మూలలు ఒకదానికొకటి తగులుతాయి. మెలికలు తిరిగే కొండ దారికి నారోగేజ్ ఎందుకు వేశారో పుస్తకంలో చదివితే ఒక ముక్క. మలుపు బిగించి ఇంకో సెంటీమీటరు, ఇంకో సెంటీమీటరు అని తగ్గిస్తూ పోతే అసలు సంగతి చేతికి తెలుస్తుంది.

కొన్న మరుసటి ఏడాది బాపును వెంటబెట్టుకుని నాగపూర్ పోయాను. అప్పటికి ఇత్వారీ నుంచి నాగ్‌భీడ్ దాకా నారోగేజ్ నడుస్తూనే ఉంది. 2019లో బ్రాడ్‌గేజ్‌గా మార్చడానికి ఆపేశారు. వంద కిలోమీటర్లు దాటిన దారి. ముందు జెడ్‌డీఎం డీజిల్. ఆ మొదటి అక్షరం జెడ్ అంటే 762 గేజు. బ్రాడ్‌గేజ్ ఇంజన్లకు డబ్ల్యూ, మీటర్‌గేజ్‌కు వై, డార్జిలింగ్ లాంటి 610కి ఎన్. ఈ అక్షరాలు చదవడం వస్తే ఏ ఫొటో చూసినా గేజు ఇట్టే చెప్పొచ్చు. బాపు బోగీ ఎక్కలేదు. ముందు ప్లాట్‌ఫాం చివరికి పోయి, కిందికి దిగి, పట్టాకు అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడ్డాడు. "మా లైన్ల రెండు కాళ్లు చాపినా అందది. ఇది మొలకు కట్టుకోవచ్చు" అన్నాడు. మోతీబాగ్‌లో 2002లో తెరిచిన నారోగేజ్ మ్యూజియం కూడా చూశాం. మోడల్ చేయాలనుకునేవాళ్లు వెళ్లాల్సిన చోటు. పెట్టెల కొలతలు, తలుపు గడియలు, బఫర్లు చేత్తో తాకి చూడొచ్చు.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరిది నౌపడా–గుణుపురం. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా. 2004లో ఆపి, 2011లో బ్రాడ్‌గేజ్‌గా తెరిచారు. దాన్ని నేను చూడలేకపోయాను. అందుకే నా బోర్డు మీది స్టేషన్‌కు ఆ లైన్ ఊరి పేరు పెట్టలేదు. పేరే పెట్టలేదు.

ఇక సెట్టు సంగతి. మొదటి దెబ్బ మొదటి గంటలోనే తగిలింది. అది జపాన్‌లో అమ్మే సెట్టు. అక్కడి ఇళ్లల్లో కరెంటు 100 వోల్టులు. అమ్మినవాడు చెప్పలేదు, నేనూ అడ్డాప్టర్ వెనక చదవలేదు. మన 230లో పెట్టగానే కమురు వాసన, సన్నటి పొగ. హన్మకొండలో టీవీలు బాగుచేసే ఒకాయన అర ఆంపియర్ దాటకుండా 12 వోల్టుల డీసీ సప్లై కట్టి ఇచ్చాడు. అదే ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి కొనేవాళ్లు ఇంజను అందం తర్వాత, ముందు అడ్డాప్టర్ వెనక చూడండి.

మొదటి రెండేళ్లు ఇంజను అద్భుతం. మూడో ఏడాది మొండికేసింది. చుట్టులో ఒకే చోట, స్టేషన్ దాటాక మలుపు మొదట్లో, ఆగిపోయేది. వేలితో తోస్తే కదిలేది. చక్రాలు తుడిచాను, మోటారు విప్పాను, నూనె వేశాను, నూనె ఎక్కువై మళ్లీ తుడిచాను. కొత్త ఇంజను ఆర్డర్ పెడదామని కార్టులో కూడా వేశాను. ఆ సాయంత్రం బాపు వచ్చి చెంప ప్లైవుడ్‌కు ఆనించి, ఒక కన్ను మూసి, పట్టా వెంట చూశాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. చాలాసేపు లేవలేదు. నాకు కొంచెం టెన్షన్ కూడా అయింది.

"ఇంజన్‌ను తిట్టకు. గీ జాయింటు కిందికి దిగింది. ప్యాకింగ్ పెట్టు."

విజిటింగ్ కార్డు ముక్క కత్తిరించి స్లీపర్, అంటే పట్టాల కింది అడ్డపట్టీ, కింద దూర్చాను. బండి ఆగకుండా పోయింది. కార్డు మందం పావు మిల్లీమీటరు. అసలు లైన్‌లో అయితే రెండు సెంటీమీటర్లు దిగినట్టు. ఇంజనుకు ఉన్నవే నాలుగు చక్రాలు. కరెంటు పట్టాల నుంచి ఆ చక్రాల ద్వారానే మోటారుకు చేరాలి. ఒక చక్రం గాలిలో లేచి, దాని పక్కది దుమ్ము మీద ఉంటే బండి చచ్చినట్టే. ఎనిమిది చక్రాలూ కరెంటు తీసుకునే ఇంజనుకు ఈ బాధ చాలా తక్కువ. అప్పటి నుంచి ఏం ఇబ్బంది వచ్చినా ముందు పట్టా దగ్గర వంగుతాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు జవాబు అక్కడే ఉంటుంది. మేడ మీది రేకుల గదిలో బోర్డు ఉంది కాబట్టి మే నెలలో ప్లైవుడ్ ఒక వంకర, ఆగస్టులో ఇంకో వంకర తిరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు ప్యాకింగ్ తప్పదు.

పట్టాలు నికెల్ సిల్వర్‌వి. పేరులో సిల్వరే తప్ప అందులో వెండి రవ్వంత కూడా లేదు. రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం. ఇత్తడి పట్టాల కంటే చాలా మెరుగు. నా దగ్గర ఉన్న రెండు ఇత్తడి ముక్కలు ఒక్క వానాకాలానికే నల్లబడ్డాయి. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత బనియన్ గుడ్డ చాలు. గరుకు కాగితం పెట్టొద్దు. గీతలు పడితే మురికి వాటిలోనే కూర్చుంటుంది. 2020 లాక్‌డౌన్‌లో ఆల్కహాల్ దొరక్క చేతుల శానిటైజర్‌తో తుడిచాను. అందులో గ్లిజరిన్ ఉంటుందని ఆలోచించలేదు. జిలేబీ పాకం మీద నడిపినట్టయింది.

పాడైనవి రెండే. ఒక చక్రం జతకు పట్టు కోసం సన్న రబ్బరు రింగులు ఉంటాయి. మా ఎండలకు మూడో వేసవిలో గట్టిపడి తెగాయి. ఆరో ఏడాది ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు చీలింది. చీలిక వెంట్రుక అంత, కానీ బండి టక్ టక్ అని కుంటుతూ నడిచింది. మన దేశంలో విడిభాగాలు దొరకలేదు. బయటి నుంచి తెప్పిస్తే సరుకు కంటే పోస్టేజీ, కస్టమ్స్ ఎక్కువైంది. మోటారుకు మాత్రం ఈ రోజుకీ వంక పెట్టలేను. అతి నెమ్మదిగా, చీమ నడిచినట్టు నడుస్తుంది. నారోగేజ్‌కు కావాల్సింది అదే.

గూడ్స్ డబ్బాలు నచ్చక నేనే మందపాటి అట్టతో బొగ్గు టబ్బులు చేశాను. మా మామ గోదావరిఖనిలో ట్రామర్. బాయిలో, అంటే బొగ్గు గనిలో, టబ్బులు తోయడం ఆయన పని. చూసి పకపకా నవ్వాడు. "మా బాయిల ఇంజన్ యాడిదిరా అల్లుడా? పైన హాలేజ్ తిరుగుతది, తాడు గుంజుతది, టబ్బు పోతది. గంతే." హాలేజ్ అంటే తాడుతో టబ్బులు లాగే యంత్రం. తర్వాత తట్టా చెమ్మస్‌తో, అంటే బుట్ట, పారతో, బొగ్గు ఎట్లా ఎత్తేవాళ్లో, బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ మిషన్లు వచ్చినంక ఆ పని ఎట్లా పోయిందో రాత్రి పదకొండు దాకా చెప్పాడు. పోతూ పోతూ పిడికెడు బొగ్గు పంపిస్తానని, మరుసటి వారం నిజంగానే పంపించాడు. రోట్లో దంచి, చాయ్ జాలితో జల్లించి టబ్బుల్లో పోశాను. అది తప్పు. పొడి గేర్లలోకి పోతుంది. ముందు నీళ్లలో కడిగి, మెత్తటి పొడి పోనిచ్చి, పలుచటి ఫెవికాల్‌తో అతికించాలి. కొత్త చాయ్ జాలి కూడా కొనిపెట్టాలి. తాడు హాలేజ్ ఇంకా చేయలేదు. కుట్టుమిషన్ దారం, చిన్న గేరు మోటారు తెచ్చి పెట్టుకున్నాను.

ఎవరు కొనొచ్చంటే, నాలుగడుగులు పొడవు, రెండడుగుల వెడల్పు చోటు ఉండి, నడపడం కంటే సర్దడం ఇష్టమైనవాళ్లు. పిల్లల ఆట కోసం అయితే వద్దు. చక్రం సందులోకి వేలు పోతే వేలికేం కాదు, చక్రమే వంగుతుంది. మళ్లీ కొంటావా అంటే ఇదే గేజు కొంటాను, ఎనిమిది చక్రాల ఇంజను చూసుకుంటాను, ఇత్తడి పట్టాలు ముట్టను.

మొన్న బాపు భూతద్దం పెట్టి బోర్డంతా చూసి, "ఇంజన్ ఉన్నది, స్టేషన్ ఉన్నది, కీమ్యాన్ ఏడీ?" అన్నాడు. ఈ సైజులో మనిషి రెండు సెంటీమీటర్లు. అగ్గిపుల్ల చెక్కి, కాకీ రంగు వేసి, భుజాన సుత్తె అంటించి మలుపు దగ్గర నిలబెట్టాను. చూసి, "జెండాలు లేకుండ ఎట్ల పోయిండు లైన్ మీదికి?" అన్నాడు. ఎర్రదొకటి, పచ్చదొకటి, సిగరెట్ పెట్టెలోని రేకు కాగితంతో చేస్తున్నాను. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఫ్యాను గాలికి పోయాయి.