క్లోర్‌థాలిడోన్ 12.5: మానేసినా రెండు రోజులు వదలదు

నీరు తీసే బీపీ మాత్ర అనగానే అందరూ అడిగేది బాత్రూమ్ గురించే. అదేమంత పెద్ద విషయం కాదు. పొద్దున టిఫిన్ వేళ వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు, మొదటి కొన్ని వారాలు గడిచాక బాత్రూమ్‌కి తిరగడమూ తగ్గుతుంది. మూడేళ్ల వాడకంలో నాకు బాగా నచ్చిందీ, ఒళ్లు మండించిందీ ఒకటే గుణం: ఈ మందు ఒంట్లోంచి తొందరగా పోదు.

ఎర్ర రక్తకణాలను అంటిపెట్టుకుని కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది కాబట్టి, వేసుకున్న దాంట్లో సగం పోవడానికే 40 నుంచి 60 గంటలు పడుతుంది. ఇదే కోవకు చెందిన ఇంకో నీరు తీసే మాత్ర హైడ్రోక్లోరోథయాజైడ్‌కైతే 6 నుంచి 15 గంటలు చాలు. అందుకే మర్నాడు మాత్ర వేసుకోబోయే ముందు చూసినా బీపీ అదుపులోనే ఉంటుంది. ప్రయాణంలో ఒకపూట మర్చిపోయినా కొంప మునగదు. మర్నాడు మామూలుగా ఒకటే వేసుకోవాలి, రెండు కలిపి కాదు.

ఇక మే నెల సంగతి. వడగాలి, దానికి తోడు మోషన్లు. 'నీళ్లు బాగా తాగు' అని ఇంటిల్లిపాదీ చెబుతారు. ఈ మాత్ర వేసుకునేవాళ్లకు ఆ సలహా సగమే సరైనది. కిడ్నీలో మూత్రం పలచబడే చోటే ఈ మందు అడ్డుపడుతుంది. దాంతో సోడియం బయటికి పోతుంది, తాగిన మంచినీళ్లు పూర్తిగా బయటికి పోక కొంత లోపలే మిగులుతాయి. పైగా బీపీ అని ఉప్పు తగ్గించి, నీరసమని చప్పిడి జావతో సరిపెట్టుకుంటే రక్తంలో సోడియం 135 నుంచి 125కి దిగడానికి ఎన్నాళ్లో పట్టదు. మొదట వికారం, తలనొప్పి, నడకలో తూలడం. ఎండదెబ్బ అనుకుని ఇంకో చెంబు నీళ్లు తాగిస్తారు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా నేరుగా ఆసుపత్రికే. చెంచాలతో ఉప్పు తినిపించడం దీనికి మందు కాదు.

ఇక్కడే పైన మెచ్చుకున్న గుణం ఎదురు తిరుగుతుంది. ఇవాళ మాత్ర ఆపినా రేపూ ఎల్లుండీ అది పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి పరిస్థితి ముదిరేదాకా చూడకూడదు. 'వాంతులో మోషన్లో పట్టుకుంటే ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి' అన్నది డాక్టరు దగ్గర ముందే అడిగి చీటీ మీద రాయించుకోవాలి. తాగాల్సింది ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపిన అసలైన ఓఆర్ఎస్, అట్టడబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయం కాదు. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఆ రోజుల్లో ముట్టుకోవద్దు. టెల్మిసార్టన్ అనే ఇంకో బీపీ మాత్ర కూడా వాడుతున్నవాళ్లకైతే అదీ, నొప్పి మాత్రా, ఈ మందూ మూడూ కలిసి కిడ్నీని దెబ్బతీయొచ్చు.

మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో సోడియం, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోవాలి. డోసు మార్చినప్పుడు మళ్లీ. యూరిక్ యాసిడ్, షుగర్ కూడా పెరగొచ్చు. పిక్కలు పట్టేస్తుంటే, గుండె దడదడలాడుతుంటే పొటాషియం 3.5 కిందకి దిగిందేమో చూడాలి. రిపోర్టు రాకుండానే పొటాషియం కోసమని కొబ్బరిబోండాలు మొదలుపెట్టేయకండి. టెల్మిసార్టన్, లేదా పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే స్పైరొనోలాక్టోన్ వాడేవాళ్లకూ కిడ్నీ జబ్బున్నవాళ్లకూ పొటాషియం అటు పెరిగిపోయే ప్రమాదమూ ఉంది. 'లో సోడియం' ఉప్పుదీ అదే గొడవ, అందులో మామూలు ఉప్పు కొంత తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు.

ఎక్కువసేపు పనిచేస్తుంది కాబట్టి గుండెకు ఎక్కువ రక్షణ అని నేనూ అనుకున్నాను. 2022లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 65 దాటిన 13,523 మందిలో క్లోర్‌థాలిడోన్‌నూ హైడ్రోక్లోరోథయాజైడ్‌నూ పోల్చి చూస్తే గుండెపోట్లు, పక్షవాతాల విషయంలో తేడా కనబడలేదు. పొటాషియం పడిపోవడం మాత్రం క్లోర్‌థాలిడోన్‌తోనే ఎక్కువ.

నాకు షుగర్ లేదు, యూరిక్ యాసిడ్ వల్ల కీళ్లు వాచే గౌట్ లేదు, క్రియాటినిన్ నార్మల్, ల్యాబ్ వీధి చివరే ఉంది. ఈ లెక్కన మాత్ర మార్చమని అడగను. ఎండలో పనిచేసేవాళ్లయినా, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లయినా, సోడియం ఒకసారి పడిపోయినవాళ్లయినా డాక్టరును వేరే మందు గురించి అడగడమే మేలనిపిస్తుంది.