ఫుల్లీ సింథటిక్ ఇంజిన్ ఆయిల్: లక్ష కిలోమీటర్లు వాడాక నా అభిప్రాయం

నాది చిన్న టర్బో పెట్రోల్ కారు. కొన్నప్పటి నుంచి ఫుల్లీ సింథటిక్ ఆయిలే పోయిస్తున్నాను. మీటరు లక్ష దాటింది. ఎక్కువ కాలం మొబిల్ 1 ఈఎస్‌పీ 5డబ్ల్యూ-30 వాడాను, ఆ తర్వాత కాస్ట్రాల్ ఎడ్జ్ 5డబ్ల్యూ-30 ఎల్ఎల్, మధ్యలో ఒకసారి ఇంకో బ్రాండు. ఇంజిన్ చప్పుడు పెరగలేదు, పొగ లేదు. ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేసి చూస్తే లోపల లోహం లేత తేనెరంగులో శుభ్రంగా కనిపిస్తుంది, ఎక్కడా మడ్డి కట్టలేదు. ఏ ఆయిల్ బెస్ట్ అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: మీ కారు మాన్యువల్‌లో రాసిన అప్రూవల్ నంబరు ఏ డబ్బా మీద ఉంటే అది. ఆ నంబరు ఉన్న మంచి బ్రాండ్ల మధ్య, నడిపేటప్పుడు తెలిసేంత తేడా నాకు కనిపించలేదు. పికప్‌లో లేదు, మైలేజ్‌లోనూ లేదు. ఆ నంబరు లేని ఆయిల్‌ని మాత్రం, ఎంత పేరున్న బ్రాండైనా, నేను పోయించను.

చాలామంది గ్రేడు చూసి ఆగిపోతారు. 5డబ్ల్యూ-30 అన్నది చిక్కదనం సంగతి మాత్రమే. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజిన్ తిరగగలదా లేదా అన్నది మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 0డబ్ల్యూ అయితే మైనస్ 35 దగ్గర. చివర ఉన్న 30 అంటే 100 డిగ్రీల వేడిలో చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల మధ్య ఉంటుందని. 40 అయితే 12.5 నుంచి 16.3. దీనికి తోడు ఇంకో పరీక్ష ఉంది. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలుగుతున్నప్పుడు ఆయిల్ పొర ఎంత గట్టిగా నిలుస్తుందో కొలుస్తారు. దాన్ని హెచ్‌టీహెచ్ఎస్ అంటారు. మామూలు 30 గ్రేడుకి ఇందులో 2.9 మిల్లీపాస్కల్ సెకండ్లు వస్తే చాలు. యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన సీ3 అనే ప్రమాణానికి కనీసం 3.5 రావాలి.

అంటే షాపులో పక్కపక్కన ఉన్న రెండు డబ్బాల ముందువైపు ఒకే 5డబ్ల్యూ-30 ఉంటుంది, లోపలున్న ఆయిల్ మాత్రం ఒకటి కాదు. ఒకటి ఇంధనం ఆదా చేయడానికి పల్చగా చేసినది, రెండోది వేడిలో మందమైన పొర నిలబెట్టేది. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు. దాన్ని మోసేది ఆ సన్నటి ఆయిల్ పొరే. నా మాన్యువల్ అడిగేది సీ3, ఫోక్స్‌వాగన్ 504.00 అనే అప్రూవల్ నంబరు. అందుకే పల్చటి 5డబ్ల్యూ-30 ఎంత తక్కువ ధరకి వచ్చినా దాని జోలికి పోను. మీ మాన్యువల్ పల్చటిదే అడిగితే మీరు అదే పోయండి. ఆ ఇంజిన్‌లో పంపు, బేరింగుల సందులు దానికి తగ్గట్టే ఉంటాయి. "కొంచెం చిక్కగా ఉంటే ఇంజిన్‌కి మంచిది" అనే సలహా నాకూ చాలాసార్లు వచ్చింది. అవసరానికి మించి చిక్కగా ఉంటే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైనున్న క్యామ్‌షాఫ్టుకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలు కూడా ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తాయి.

డబ్బా కొనేటప్పుడు ముందువైపు నేను పెద్దగా చూడను. తిప్పి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదువుతాను. కార్ల కంపెనీ ఆమోదించిన నంబర్లు ఒక వరుసలో ఉంటాయి. ఆ కింద ఇంకో వరుసలో "ఈ అవసరాలకు సరిపోతుంది", "ఇలాంటి కార్లకు సిఫార్సు చేస్తున్నాం" అని ఇంకొన్ని నంబర్లు రాస్తారు. మొదటి వరుసలో ఉంటే కార్ల కంపెనీ ఆ ఆయిల్‌కి నిజంగా ఆమోదం ఇచ్చినట్టు. రెండో వరుస ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకునే మాట. వారంటీ ఉన్న కారుకి మొదటి వరుసనే నమ్మండి.

అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చే రేటింగ్ కూడా చూడాలి, ముఖ్యంగా పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్ అయితే. తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఈ ఇంజిన్లకి ఉంది. ఎల్ఎస్‌పీఐ అంటారు, ముదిరితే పిస్టన్ పగులుతుంది. ఆయిల్‌లో శుభ్రం చేయడానికి కలిపే కాల్షియం రసాయనాలు దీన్ని పెంచుతాయని తేలాక, కొంత కాల్షియం తీసి మెగ్నీషియం వాడడం మొదలుపెట్టారు. 2020 మేలో వచ్చిన ఏపీఐ ఎస్‌పీలో దీనికీ, టైమింగ్ చెయిన్ అరుగుదలకీ పరీక్షలు పెట్టారు. 2025లో ఎస్‌క్యూ వచ్చింది. కొత్త రేటింగ్ పాత వాటి స్థానంలో పనికొస్తుంది, తిరగేస్తే కుదరదు.

ఇక "ఇది అసలైన సింథటిక్కేనా" అనే వాదన. దీని మీద జనం పెట్టుకునే టెన్షన్ నాకు అనవసరం అనిపిస్తుంది. పీఏఓతో, అంటే రసాయనికంగా తయారుచేసిన మూల నూనెతో చేసినదే నిజమైన సింథటిక్ అని ఒక వర్గం గట్టిగా నమ్ముతుంది. ముడి చమురుని హైడ్రోక్రాకింగ్‌తో బాగా శుద్ధి చేసిన గ్రూప్ 3 ఆయిల్‌ని కాస్ట్రాల్ సింథటిక్ అని అమ్మడం మీద మొబిల్ ఫిర్యాదు చేస్తే, 1999లో అమెరికాలోని ప్రకటనల పరిశీలన సంస్థ కాస్ట్రాల్‌కే అనుకూలంగా చెప్పింది. అప్పటి నుంచి ఆ మాట మార్కెట్లో స్థిరపడిపోయింది. షెల్ అయితే సహజవాయువు నుంచి ఆయిల్ తీస్తుంది, అదీ గ్రూప్ 3 కిందకే వస్తుంది. దేనితో చేశారన్నది కంపెనీ తలనొప్పి. పరీక్షలు నెగ్గి నంబరు తెచ్చుకుందా అన్నదే నాకు కావాలి.

మధ్యలో వాడిన ఆ మూడో బ్రాండు పేరు చెప్పను. దానితో సర్వీసుకి సర్వీసుకి మధ్య టాప్‌అప్ కాస్త ఎక్కువే పోయాల్సి వచ్చింది. ఆవిరయ్యే గుణం ఆయిల్‌ని బట్టి మారుతుంది. 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత పోయిందో కొలిచే నోయాక్ పరీక్షలో ఏపీఐ 15 శాతం దాకా ఒప్పుకుంటుంది, ఏసీఈఏ 13 దగ్గరే ఆపేస్తుంది. కంపెనీలు ఇచ్చే డేటా షీట్లలో ఈ అంకె దొరికితే తక్కువ ఉన్నది తీసుకోండి.

ఆయిల్ ఎన్నాళ్లకి మార్చాలన్న విషయంలో నా అలవాటు మారింది ఒక ల్యాబ్ రిపోర్టు చూశాకే. కొంతకాలం కారు దగ్గరి ప్రయాణాలకే తిరిగింది, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేయడం. ఆ సమయంలో తీసిన ఆయిల్ శాంపిల్ పరీక్షకి పంపాను. ఇనుము, రాగి లాంటి అరుగుదల లోహాలు హద్దులోనే ఉన్నాయి. గాలి ఫిల్టర్ సరిగా పనిచేయకపోతే పెరిగే సిలికాన్ కూడా తక్కువే. పెట్రోల్ మాత్రం ఆయిల్‌లో బాగానే కలిసింది, దానితో చిక్కదనం పడిపోయింది. డిప్‌స్టిక్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన తెలిసింది కూడా. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆ పెట్రోల్, నీటి ఆవిరి బయటికి పోతాయి. దగ్గరి తిరుగుళ్లలో ఆ అవకాశం ఉండదు. అందుకని 504.00 ఆయిల్‌కి ఫోక్స్‌వాగన్ కొన్ని కార్లలో 30,000 కిలోమీటర్లు, రెండేళ్ల దాకా అనుమతి ఇచ్చినా, నేను 10,000 లేదా ఏడాది, ఏది ముందొస్తే అప్పుడు మార్చేస్తున్నాను. ఊళ్లు దాటి హైవేల మీదే తిరిగేవాళ్లు మాన్యువల్ చెప్పినంత దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు.

నల్లబడింది కాబట్టి పాడైందనుకోకండి, మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ చేయాల్సిన పనే. సింథటిక్ పోస్తే లీకవుతుందన్న భయం నేటి ఆయిళ్లకి వర్తించదు. దారిలో అవసరం పడితే వేరే బ్రాండు కలిపినా ప్రమాదం లేదు, గ్రేడు, రేటింగ్ కలిస్తే చాలు.

ఒక సర్వీస్ సెంటర్‌లో డ్రమ్ములోంచి పోస్తామన్నారు. ఏ అప్రూవల్ ఉందని అడిగితే గ్రేడు తప్ప వేరే జవాబు రాలేదు. అప్పటి నుంచి సీలు ఉన్న డబ్బా నేనే తీసుకెళ్తాను, నా ఎదురుగానే మూత తీయిస్తాను, ఫిల్టరుతో పాటు డ్రెయిన్ బోల్టు వాషరు కూడా కొత్తది వేయిస్తాను. పని అయ్యాక ఇంజిన్ కాసేపు తిప్పి ఆపి, సమతలం మీద కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి చూస్తాను. పై గీత దాటకూడదు. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్టు దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగుని కాపాడదు.

టర్బో లేని పాత తరహా ఇంజిన్ ఉన్నవాళ్లకి ఇంత ఆరా అక్కర్లేదు. మాన్యువల్ అడిగిన గ్రేడులో ఏపీఐ గుర్తు ఉన్న ఏ మంచి సింథటిక్ అయినా బాగా పనిచేస్తుంది, ఖరీదైనదే కావాలని లేదు. హైబ్రిడ్ కార్లలో 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 చూసి మరీ పల్చగా ఉందని కంగారుపడి 5డబ్ల్యూ-40కి మారకండి. ఇంజిన్ మాటిమాటికీ ఆగి మొదలయ్యే ఆ కార్లకి త్వరగా చేరే ఆయిలే కావాలి.