ఏసీ ఉందన్నారు, ఉంది కూడా

హంగేరీలో కండక్టింగ్ నేర్చుకోవడానికి వెళ్తున్నానంటే మా అత్తగారు రెండు నిమిషాలు ఆలోచించి, "బస్సుకా?" అన్నారు. కాదండీ, కోయిర్‌కి, అంటే బృందగానానికి అని చెప్పాను. హైదరాబాద్‌లో ఒక స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పుతాను. ఏటా ఆగస్టు పదిహేనుకి అరవై మంది పిల్లల ముందు నిలబడి చేతులు ఊపడం తప్ప, ఆ ఊపడానికి ఒక చదువు ఉందని నాకు చాలా ఏళ్లు తెలియదు.

మేం వెళ్లిన ఊరు కెచ్‌కెమేత్, బుడాపెస్ట్‌కి ఆగ్నేయంగా 85 కిలోమీటర్ల దూరం. పిల్లలకు ముందు గొంతుతోనే సంగీతం నేర్పాలని జీవితమంతా పోరాడిన జొల్తాన్ కొడాయ్ 1882లో అక్కడే పుట్టాడు. తండ్రి రైల్వే ఉద్యోగి కావడంతో రైల్వే స్టేషన్లోనే పుట్టాడు. ఆయన పేరుతో 1975లో పెట్టిన ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు బుడాపెస్ట్‌లోని లిస్ట్ సంగీత విశ్వవిద్యాలయంలో భాగం. వేసవి కోర్సు అక్కడే. చిక్కేమిటంటే వాళ్ల వేసవి జూలై, మన బడులు జూన్‌లోనే తెరుస్తారు. జీతం లేని సెలవు 18 రోజులు పెట్టాను. విమానం టికెట్ మనిషికి 68,400 రూపాయలు, వీసా ఫీజు 90 యూరోలు, పైన సర్వీసు చార్జీలు వేరే.

నాతో మా వదిన వచ్చింది. తెనాలిలో ముప్ఫై ఏళ్లుగా కర్ణాటక గాత్రం నేర్పుతోంది. "వాళ్ల ద రె మి, అదే వాళ్ల సరిగమలు, ఏంటో నేనూ చూస్తా" అని బయల్దేరింది.

ఇక గది సంగతి. ఇన్‌స్టిట్యూట్ ఉన్నది పాత ఫ్రాన్సిస్కన్ మఠం భవనంలో. విద్యార్థుల హాస్టల్ కూడా ఉంది, కానీ బాత్రూమ్ నలుగురితో పంచుకోవాలేమోనని వదిన ఒప్పుకోలేదు. ఆన్‌లైన్‌లో ఒక ఫ్లాట్ చూశాం. ఏసీ, లిఫ్ట్, వంటగది, కోర్సుకి ఐదు నిమిషాల నడక. రాత్రికి 16,000 ఫోరింట్లు. పన్నెండు రాత్రులకు 1,92,000, మన లెక్కలో దాదాపు 46 వేల రూపాయలు.

ఐదు నిమిషాలు కారులో అట. నడిస్తే ఇరవై ఆరు. లిఫ్ట్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద ఏం రాశారో చదవక్కర్లేదు, నాలుగో అంతస్తు వరకు సూట్‌కేసులు మోస్తే అర్థమైపోతుంది. ఇంటాయన నవ్వుతూ తాళాలు ఇచ్చాడు. ఏసీ ఏదండీ అంటే లోపలి గది వైపు చూపించాడు. ఆ గదికి తాళం. అది ఆయన సామాన్ల గదట, అద్దెలోకి రాదట. మొత్తానికి ఫ్లాట్‌లో ఏసీ ఉంది, అబద్ధం ఆడలేదు.

ఆ వారం పగలు 37 డిగ్రీలు. తెనాలి మనిషికి 37 ఒక లెక్కా అనుకున్నాం. కానీ తెనాలిలో నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతుంది. ఇక్కడ కప్పుకి ఫ్యాన్ కొక్కెం కూడా లేదు, పైగా పై అంతస్తు. మొదటి మూడు రాత్రులు వదిన తడి తువ్వాలు కప్పుకుని పడుకుని, ప్రతి గంటకీ లేచి, "హాస్టల్ వద్దన్నది నేనే కదా, తిట్టవేం?" అనేది. నాలుగో రోజు బజార్లో 9,500 ఫోరింట్లు పెట్టి టేబుల్ ఫ్యాన్ కొన్నాం. వచ్చేటప్పుడు అది అక్కడే వదిలేశాం. ఇంటాయన ఇప్పుడు దాన్ని కూడా ప్రకటనలో రాసుకుని ఉంటాడు.

క్లాసులు మాత్రం ఆ డబ్బంతా తిరిగి ఇచ్చేశాయి. పొద్దున స్వరాల పేర్లతో పాడే సాల్ఫెజ్, తర్వాత బోధన పద్ధతులు, మధ్యాహ్నం కండక్టింగ్, సాయంత్రం అందరూ కలిసి కోయిర్. సాల్ఫెజ్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో చేతి సంజ్ఞ: ద కి పిడికిలి, మి కి నేలకు సమంగా చెయ్యి. ద ఏ శ్రుతిలోనైనా పెట్టుకోవచ్చు. మన షడ్జమం లాగే. ఇది తెలియగానే వదిన మొహం వెలిగిపోయింది. వాళ్లు ద రె మి సొ ల అని ఐదు స్వరాలు పాడుతుంటే "మోహన రాగం!" అని గట్టిగానే అనేసింది. టీచరమ్మ అడిగితే మన తొలి పాఠాలైన సరళీ స్వరాలు పాడి వినిపించింది. మాయామాళవగౌళ రాగంలో రి, ధ వచ్చేసరికి క్లాసు చేతులన్నీ తడబడ్డాయి, ఆ అర మెట్టు కింద ఉండే స్వరాలకు వాళ్ల మామూలు ఏడు సంజ్ఞల్లో చోటు లేదు మరి. పిల్లలకు మొదట రెండు మూడు స్వరాల ఆటపాటలు ఇవ్వడం నాకు నచ్చింది. మనం మొదటి రోజే ఏడూ నెత్తిన పెడతాం. స్వరాన్ని ఊపి పాడే గమకం దగ్గర మాత్రం ఆ చేతులతో ఏమీ చెయ్యలేరని వదిన తీర్పు.

కండక్టింగ్‌లో నా చెయ్యి నా పరువు తీసింది. నాలుగు దెబ్బల నడక చూపించమంటే ఆది తాళంలా అరచెయ్యి తొడ మీదకి పోతోంది. పైగా నేను మొదటి దెబ్బ కొట్టగానే పాడెయ్యాలని ఎదురుచూస్తాను. ముందు మూడు సార్లూ సగం మంది ముందు, సగం మంది వెనక. టీచరమ్మ నా ఎడమ చేతిని వీపు వెనక్కి కట్టించి, "దెబ్బకి ముందు వాళ్లకి ఊపిరి ఇవ్వు" అంది. చెయ్యి కాస్త పైకి లేపుతూ నేనూ ఊపిరి పీలిస్తే, ఎదురుగా ఇరవై రెండు మంది ఒక్కసారే పీల్చారు. అందరూ ఒకేసారి అందుకున్నారు. ఆ చప్పుడు విని నాకు ఒళ్లు జలదరించింది. బయటికొచ్చాక వదిన, "చెయ్యి ముందు, పాట వెనక. అనాగతమే కదా" అని తేల్చేసింది. పన్నెండేళ్లుగా మా పిల్లల్ని "కలిసి ఎత్తుకోరేం" అని కోప్పడ్డాను. ఎత్తుకోనివ్వనిది నేనే.

తిండి గురించి భయపడుతూ వెళ్లాం. కోర్సు భోజనంలో ఒక రోజు చల్లని గులాబీ రంగు సూప్ వచ్చింది, మెజ్‌లెవెష్. పుల్ల చెర్రీలు, మీగడ. "పచ్చిపులుసులో ఐస్‌క్రీమ్ కలిపారా?" అని వదిన చెంచాతో పొడిచి చూసింది. తర్వాత నా గిన్నె కూడా లాక్కుంది. బజార్లో లాంగోష్ అని పెద్ద పూరీ లాంటిది నూనెలో వేయించి, వెల్లుల్లి నీళ్లు, పుల్ల మీగడ, చీజ్ వేసి ఇస్తారు. 1,800 ఫోరింట్లు, ఒకటి ఇద్దరికి చాలు. శాకాహారులు "హూష్ నేల్క్యుల్" అన్న మాట నేర్చుకోండి, మాంసం లేకుండా అని. అయినా గుడ్డు వస్తే ఆశ్చర్యపోకండి.

మిగతా ఊరు ఒక సాయంత్రంలో అయిపోతుంది: రంగుల పలకల సిఫ్రా పలోతా భవనం, టౌన్‌హాల్ గంటల మీద కొడాయ్ బాణీలు.

వెళ్లే రోజు ఇంటాయన తాళాలు తీసుకుంటూ ముక్కు ఎగబీల్చి, శుభ్రం చేసే ఖర్చు 20,000 ఫోరింట్లు అన్నాడు. కారణం వాసన. వదిన రోజూ రాత్రి పప్పుచారులో వేసిన ఇంగువ పోపు. నేను బేరమాడుతుంటే వదిన తెలుగులోనే అడిగింది: "ఏసీ గదికి తాళం వేసినవాడికి ముక్కుకి వేసుకోవడం తెలీదా?" ఆయనకి ఏం అర్థమైందో గానీ 8,000కి దిగాడు. ఇచ్చేశాం, రైలుకి టైమైపోతోంది.

మళ్లీ వెళ్దామని వదినే అంటోంది. హాస్టల్లోనే ఉందాం, కానీ ఇంగువ డబ్బా మాత్రం తెచ్చుకుంటానంది.