సొంతంగా బిగించుకున్న హీట్ రికవరీ వెంటిలేషన్: నాలుగు చలికాలాల తర్వాత

అటక మీద ఆ పెట్టె నాలుగేళ్లుగా రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది. బిగించిన మొదటి నెలలో రాసి ఉంటే తెగ పొగిడేవాణ్ణి. మొదటి చలికాలం మధ్యలో రాసి ఉంటే తిట్టిపోసేవాణ్ణి. ఇప్పుడు ఆ వేడి రెండు వైపులా తగ్గింది కాబట్టి రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: ఇందులో ఉండేవి రెండు ఫ్యాన్లు, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ రేకులు పేర్చి చేసిన కోర్. బాత్‌రూముల నుంచి, వంటింటి నుంచి లాగిన వెచ్చటి గాలి ఒకవైపు నుంచి, బయటి చల్లగాలి ఇంకోవైపు నుంచి ఆ రేకుల సందుల్లో పక్కపక్కనే పోతాయి. ఒకదానితో ఒకటి కలవవు, వేడి మాత్రం రేకు దాటుతుంది. తాజా గాలి పడగ్గదుల్లోకి, హాల్లోకి వస్తుంది. పాత గాలి తన వేడిని వదిలేసి బయటికి పోతుంది.

మాకు ఈ ఆలోచన తెప్పించింది కిటికీలు. పాతవి తీసి గట్టిగా మూసుకునేవి పెట్టించాక సందుల్లోంచి వచ్చే గాలి ఆగిపోయింది. ఆ ఏడు చలికి రోజూ పొద్దున్నే అద్దాల మీద నీళ్లు ధార కట్టేవి, బీరువా వెనక గోడకి నల్లగా బూజు. పడగ్గదిలో కార్బన్ డయాక్సైడ్ మీటర్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి 2,300 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాలు) చూపించింది. బయటి గాలిలో 420 దాకా ఉంటుంది. ఇంట్లో వెయ్యి దాటకపోతే మంచిదని 1858లోనే మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పాడట. మాకు నూట అరవై ఏళ్లు ఆలస్యంగా చెవికెక్కింది.

రెండు వారాంతాల్లో అయిపోతుందనుకున్న పని పదకొండు తిన్నది. మిషన్ గోడకెక్కడానికి పట్టింది ఒక పూట. మిగిలినదంతా గొట్టాల పని. మిషన్ దగ్గర నుంచి ఒక పంపిణీ పెట్టె, దాని నుంచి ఒక్కో గదికి విడివిడిగా 75 మిల్లీమీటర్ల గొట్టం వెళ్లే పద్ధతి ఎంచుకున్నాను. ఒక్కో గొట్టం గంటకు 30 ఘనపు మీటర్ల గాలి మోస్తుంది, అంతకు మించితే ఈల వేస్తుంది. అందుకే హాలు, వంటిల్లు లాంటి అంతకంటే ఎక్కువ గాలి కావాల్సిన చోట్లన్నిటికీ రెండేసి లాగాను. ఈ పద్ధతిలో ఒక గదిలో మాటలు గొట్టంలోంచి ఇంకో గదిలో వినిపించవు. నలిగిపోయే వెండి రంగు రేకు గొట్టాలు చవకే గానీ వాటి జోలికి పోకండి. వంపు దగ్గర నొక్కుకుపోయి, మధ్యలో జారి, సగం గాలి అక్కడే చచ్చిపోతుంది. వంటింటి పొయ్యి మీది చిమ్నీని కూడా ఈ గొట్టాలకి కలపలేదు. కలిపితే కోర్ అంతా జిడ్డే.

గోడకి రెండు పెద్ద రంధ్రాలు, కరెంటు కనెక్షన్, ఈ రెండూ నేను చేయలేదు. డైమండ్ బిట్‌తో 180 మిల్లీమీటర్ల రంధ్రం కొట్టే మనిషి గంటన్నరలో ముగించాడు. నేను మొదలుపెడితే ఇంకా కొడుతూనే ఉండేవాణ్ణి.

గాలిని సమం చేయడం మాత్రం తప్పక మీరే కూర్చుని చేయాల్సిన పని. మా ఇంటికి గంటకు 150 ఘనపు మీటర్లు లెక్క కట్టాను. లోపలికి: హాలుకి 50, పెద్ద పడగ్గదికి 40, మిగతా రెండు గదులకి 30 చొప్పున. బయటికి: వంటింటి నుంచి 60, బాత్‌రూముల నుంచి 40, 30, బట్టలుతికే గది నుంచి 20. రెండు వైపులా కూడిక ఒకటే రావాలి, లేకపోతే ఆ తేడా గాలి తలుపు సందుల్లోంచి చల్లగా దూరుతుంది. అద్దెకి తెచ్చిన గాలి కొలిచే మీటరు మా బావమరిది చేతికిచ్చి నేను అటకెక్కాను.

"బావా, ఈ గదిలో పద్నాలుగే వస్తోంది."

"సరిగ్గా పట్టుకున్నావా?"

"సరిగ్గానే పట్టుకున్నా. హాల్లో చూస్తే డెబ్భై."

దగ్గరి గొట్టం నాలుగు మీటర్లు, దూరంది పదమూడు. గాలి బద్ధకస్తురాలు, దగ్గరి దారే చూసుకుంటుంది. దగ్గరి గొట్టాల చివరుండే గాలి మూతలు కొద్దికొద్దిగా బిగిస్తూ, ఒకటి తిప్పితే మిగతావన్నీ మారిపోతూ, అయిదు గంటలు ఇదే ఆట. చివరికి ప్రతి గదీ అనుకున్న అంకెకి రెండు మూడు తేడాలో వచ్చింది. తలుపుల కింద ఒక సెంటీమీటరు సందు లేకపోతే ఇంత కష్టమూ వృథా. గదిలోకి వచ్చిన గాలి బయటపడటానికి దారి అదే. మా రెండు తలుపులకి అడుగున కోత పెట్టాల్సి వచ్చింది.

ఇక తిట్టిపోసే దగ్గరికి వస్తాను. మొదటి డిసెంబరులో పడగ్గది పైకప్పు మీద అరచేయంత పసుపు మరక కనిపించింది. అటకెక్కి చూస్తే మిషన్ కింద నీళ్లు. పాత గాలి కోర్‌లో చల్లబడేటప్పుడు అందులోని తేమ నీరుగా కారుతుంది, దాన్ని బయటికి పంపడానికి అడుగున డ్రెయిన్ పైపు ఉంటుంది. ఆ పైపుకి నీళ్లు నిలిచే వంపు పెట్టాను గానీ, వేసవంతా తేమ పడక అందులో నీళ్లు ఎండిపోయాయి. లోపలి ఫ్యాన్ లాగుడుకి పైపులోంచి గాలి పైకి ఎక్కుతూ, కిందికి పోవాల్సిన నీటిని పళ్లెంలోనే ఆపేసింది. గుడగుడమని చప్పుడు రెండు రోజులుగా వినిపిస్తున్నా ఎక్కడిదో పట్టించుకోలేదు. ఇప్పుడు ఎండినా బంతి కూర్చుని మూసుకునే రకం ట్రాప్ పెట్టాను. మళ్లీ మరక రాలేదు.

అదే చలిలో ఇంకో తప్పు బయటపడింది. మా అటక పైకప్పుకే ఇన్సులేషన్ ఉంది, కాబట్టి అటక వెచ్చగానే ఉంటుంది. గోడ నుంచి మిషన్ దాకా చల్లగాలి తెచ్చే గొట్టానికి దూది లాంటి ఇన్సులేషన్ చుట్టి, అతుకుల దగ్గర టేపు సరిగ్గా వేయలేదు. వెచ్చటి గాలి అతుకుల్లోంచి లోపలికి దూరి, చల్లటి గొట్టానికి తగిలి నీరైపోయింది. చుట్టిన దూది పిండితే నీళ్లు కారాయి. అదంతా పీకేసి, గాలి దూరని గట్టి ఫోమ్ గొట్టం వేశాను.

చప్పుడు గురించి. కొత్తలో మా ఆవిడ "పైన ఎవరో నిద్రలో మూలుగుతున్నట్టుంది" అనేది. రెండు కారణాలు: ఒకటి, మిషన్‌ని చెక్క ఫ్రేమ్ గోడకి నేరుగా బిగించడం. రెండోది, లోపలికి గాలి పంపే వైపు సైలెన్సర్ (ఫ్యాన్ చప్పుడుని మింగే గొట్టం ముక్క) ఎందుకులే అని మానేయడం. రబ్బరు దిమ్మలు, మీటరు పొడవు సైలెన్సర్ పెట్టాక మూలుగు పోయింది. సైలెన్సర్ ముందే కొని ఉంటే, బిగించిన గొట్టాన్ని కోసే బాధ తప్పేది.

ఇంత చేశాక ఏం దక్కింది? పెద్ద పడగ్గదిలో తెల్లవారుజామున మీటరు వెయ్యి దగ్గర ఆగుతుంది. అద్దాలు పొడిగా ఉంటాయి. బీరువా వెనక బూజు తుడిచాక మళ్లీ రాలేదు. ఒక ఉదయం థర్మామీటర్లతో కొలిచాను: బయట 2 డిగ్రీలు, ఇంట్లోంచి పోయే గాలి 21, గదిలోకి వచ్చే గాలి 18. అంటే 19 డిగ్రీల తేడాలో 16 వెనక్కి వచ్చాయి, 84 శాతం. ఆ గాలిని కిటికీ తెరిచి తెచ్చుకుంటే దాదాపు 970 వాట్ల వేడి పోయేది, ఇప్పుడు పోయేది 150 వాట్లు. ఫ్యాన్లు తినేది 40 వాట్లు, ఏడాదికి 350 యూనిట్లు. కానీ బిల్లు పెద్దగా తగ్గలేదు. తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు, అంతకుముందు చలికాలం మేం కిటికీలు తెరిచేవాళ్లమే కాదు! లేని ఖర్చు ఎలా తగ్గుతుంది? డబ్బు మిగలడం కోసమే పెట్టుకునేవాళ్లు ఈ మాట ముందే గుర్తుపెట్టుకోవాలి.

వేసవిలో ఇది ఏసీ కాదు. రాత్రి బైపాస్ తెరుచుకుని, బయటి గాలి కోర్‌ని తాకకుండా వస్తుంది, నిజమే. బయట ఆరు డిగ్రీలు చల్లగా ఉన్నా 150 ఘనపు మీటర్లతో వచ్చే చల్లదనం 300 వాట్లు. కిటికీ బార్లా తెరిస్తే దీనికంటే చాలా మేలు.

గట్టి చలిలో గాలి పొడిబారుతుంది. ఇంట్లో తేమ 30 శాతానికి దిగి పెదవులు పగిలాయి. అలాంటి వారాల్లో ఫ్యాన్లు ఒక మెట్టు తగ్గిస్తున్నాను. మళ్లీ కొనాల్సి వస్తే తేమని కూడా వెనక్కి ఇచ్చే కోర్ తీసుకుంటాను. పక్కింటివాళ్లు కట్టెల పొయ్యి వెలిగించిన సాయంత్రాల్లో పొగ వాసన తిన్నగా పడగ్గదిలోకి వస్తుంది, దీనికి మందు దొరకలేదు. మామూలు ఫిల్టర్ ధూళిని ఆపుతుంది, వాసనని ఆపదు. గాలి లోపలికి తీసుకునే మూతి ఏ వైపు పెట్టాలో నిర్ణయించే ముందు ఒక చలికాలం సాయంత్రం బయట నిలబడి ముక్కుతో చూసుకోవాల్సింది.

ఫిల్టర్లు ఆరు నెలలకని చెప్తారు, నేను మూడు నెలలకే తీసి చూస్తాను. బయటి గాలి వైపుది తీస్తే బూడిద రంగు మీద చిన్న చిన్న పురుగులు అంటుకుని, నువ్వులు చల్లినట్టు ఉంటుంది. అదంతా మా ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది కదా అని ప్రతిసారీ అనిపిస్తుంది. గోడలకి లప్పం రుద్దే రోజుల్లో మిషన్ ఆన్ చేయకండి. నేను చేశాను. కోర్‌ని గోరువెచ్చటి నీళ్లలో నాలుగుసార్లు ముంచి తీసినా తెల్లటి నీళ్లే.

చివరిగా ఒక ఒప్పుకోలు. పంపిణీ పెట్టెకి తలుపు పెట్టకుండా జిప్సం బోర్డుతో మూసేశాను, అందంగా ఉంటుందని. గొట్టాల లోపల శుభ్రం చేయాలంటే దారి అదొక్కటే. నాలుగేళ్లయింది, ఆ బోర్డు కోయాల్సిన రోజు దగ్గరపడింది. పెన్సిల్‌తో గీత మాత్రం గీసి ఉంచాను.