చెడు ఎక్కడి నుంచి వచ్చింది? మూడు జవాబుల్లో ఏది మేలు?

ఇశ్రాయేలు రాజు దావీదు జనాన్ని లెక్కపెట్టించడం, అది పాపమై శిక్షగా తెగులు (మహమ్మారి) రావడం: ఈ కథ హీబ్రూ లేఖనాల్లో రెండు చోట్ల ఉంది. 2 సమూయేలు 24లో లెక్కపెట్టించాలన్న బుద్ధి పుట్టించింది యెహోవాయే, ఇశ్రాయేలు మీద కోపంతో. 1 దినవృత్తాంతాలు 21లో మాత్రం ఆ పని సాతానుది. సేనాధిపతి యోవాబు వద్దని మొత్తుకోవడం, తెగులుకు 70 వేల మంది చావడం రెండింటిలోనూ ఒకటే.

దేవుడే ఉసిగొల్పి దేవుడే శిక్షించాడంటే ఎవరికైనా మింగుడుపడదు. యూదులు బబులోనులో బందీలుగా గడిపిన చెర తర్వాతి కాలంలో రాసిన దినవృత్తాంతకారుడికీ మింగుడుపడలేదని చాలామంది పండితుల అభిప్రాయం. సాతాను మధ్యలోకి వచ్చాక చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ అదే అధ్యాయంలో 14, 15 వచనాలకొస్తే తెగులు పంపిందీ, యెరూషలేము మీదికి దేవదూతను పంపిందీ యెహోవాయే. నెపం వేరొకరి మీదికి నెట్టినా చిక్కు విడలేదు. ఈ రెండింటిలో నా ఓటు సమూయేలుకే. చేదుగా ఉన్నా దాపరికం లేదు.

మూడో జవాబు హనోకు గ్రంథమనే ప్రాచీన యూదు రచనది. రబ్బీల (యూదు మతగురువుల) సంప్రదాయం దీన్ని లేఖనాల్లో చేర్చుకోలేదు, ఇథియోపియా ఆర్థోడాక్స్ సంఘం చేర్చుకుంది. ఇందులో 200 మంది దూతలు మనుషుల ఆడపిల్లల మీద మనసుపడి హెర్మోను కొండ మీద దిగుతారు. నాయకుడు షెమిహజాకు ఒకటే టెన్షన్: తీరా వీళ్లు వెనక్కి తగ్గితే ఆ పాపం తానొక్కడే మోయాలి. అందుకే అందరూ కలిసి ఒట్టు వేసుకుంటారు, మాట తప్పినవాడికి శాపం తగలాలని. తర్వాత ఆ దూతల్లో ఒకడైన అసాయేలు మనుషులకు కత్తులు, డాళ్లు చేయడం, కళ్లకు కాటుక దిద్దుకోవడం నేర్పుతాడు. (కాటుకను కత్తుల సరసన చేర్చడం అన్యాయమే!)

చెడంతా పైనుంచి ఊడిపడిందంటే మనిషికి మరీ అనుకూలం. ఆదికాండం 8:21 అలా ఒప్పుకోదు. మనిషి ఆలోచన చిన్ననాటి నుంచే చెడ్డదంటుంది. అయినా గుంపుగా చేసే తప్పు దగ్గరికొస్తే హనోకుదే పైచేయి. దావీదు తన ప్రజల గురించి "తప్పు నాది, ఈ గొర్రెలేం చేశాయి?" అని ఒంటరిగా మొరపెట్టుకోగలిగాడు. హెర్మోను మీద ఆ దారి మూసుకుపోయింది, ఒకరినొకరు ముందే కట్టేసుకున్నారు కదా.

యెషయా ప్రవక్త గ్రంథం 28లో యెరూషలేము పాలకులూ ఇలాంటి కట్టుబాటు మీదే ధీమాగా ఉంటారు: మరణంతో నిబంధన (ఒప్పందం) చేసుకున్నాం, మాకేం కాదని. అష్షూరు (అస్సీరియా) భయంతో ఐగుప్తుతో (ఈజిప్టుతో) పెట్టుకున్న పొత్తే అదని చాలామంది అంటారు. 18వ వచనంలో ప్రవక్త ఆ నిబంధన చెల్లదని తేల్చేస్తాడు. హెర్మోను ఒట్టుకు శిక్ష ఇంకా పెద్దది: తీర్పు రోజు దాకా, 70 తరాల పాటు, ఆ దూతలు కొండల కింద బందీలు.